పాత పెద్దబండికి క్రొత్త షాకబ్జర్లు

జమ్మలమడుగునుండి యొక సోదరి వ్రాసిన జాబు మాకు చేరినది. వారి యింట బొలేరో బండి యొకటి గలదు. దానిని కొని పదునొకండు సంవత్సరములైనది. అత్తగారికి డెబ్బది రెండేండ్లు. గడచిన శీతకాలమున స్నానపుగదిలో జారిపడగా వెన్నుపూస యొకటి నలిగినది. నెలకొకమారు వైద్యునకు చూపుటకై ప్రొద్దుటూరికి తీసికొనిపోవలెను. "దారిపొడుగునను అత్తగారు నోరు మెదపరు. ముందరి సీటు వెన్ను పట్టుకొని, కన్నులు మూసికొని కూర్చుందురు. గుంత గుంతకు నొక మూలుగు వినబడును. మావారి నడిగినచో, పాతబండి గదా, అట్లే యుండును అనెదరు. మెకానిక్కు చూచి షాకబ్జర్లు పోయినవనియు, రెండు దినములు బండి విడిచినచో వానిలో నూనె పోసి యతికి యిచ్చెదననియు చెప్పుచున్నాడు. మా మరిది యీ బండి నమ్మివేసి క్రొత్తది కొందమనుచున్నాడు. చీటీ సొమ్ము కొంత నాచేత నున్నది. దాని నేమి చేయుదును?" అని యామె యడిగినది.

ఇట్టి ప్రశ్నలు మగవారికి విడిచిపెట్టవలసినవని కొందఱు తలంతురు. నే నట్లు తలపను. బండి నడపువాడు ముందుచక్రములకును వెనుకచక్రములకును నడుమ, చేత స్టీరింగు పట్టుకొని, రాబోవు గుంతను ముందే చూచుచు కూర్చుండును. గుంత కనబడినతోడనే యతని శరీరము తనంత తానే సర్దుకొనును. వెనుక సీటులలో, వెనుక ఇరుసునకు దాపున కూర్చుండువారు తఱచుగా ఆడువారు, పిల్లలు, వృద్ధులు. వారికి గుంత కనబడదు, కుదుపే మొదట తెలియును. బండి యెట్లు కుదుపుచున్నదో యింటిలో బాగుగ నెఱిగినవారు వారే. కావున ఈ నెల మన శీర్షికలో నీ విషయమునే తీసికొందము.

షాకబ్జరు అనగా కుదుపును మ్రింగునది యని పేరునుబట్టి తోచును. నిజమున కుదుపును మొదట పుచ్చుకొనునది టైరు, తరువాత స్ప్రింగు. మన యిండ్లలో పసిబిడ్డకు చీరతో ఉయ్యాల కట్టి, పైన నొక స్ప్రింగు తగిలించుట మీరు చూచియుందురు. ఒక్కసారి క్రిందికి లాగి విడిచినచో నది పైకిని క్రిందికిని ఎన్నియో మారులు ఆడును. తల్లి చేయి పెట్టినప్పుడే నిలుచును. బండిలో బరువు మోయునది స్ప్రింగు. అది యాడకుండ చేయి పెట్టునది షాకబ్జరు. ఈ భేదము తెలిసినవారికి మెకానిక్కు చెప్పు మాటలలో సగము సులభముగా బోధపడును.

దాని లోపల నున్నది గొప్ప మర్మమేమియు కాదు. ఒక యుక్కు గొట్టము, అందులో నూనె, నూనెలో మునిగిన బిళ్ళ, బిళ్ళకు సన్నని రంధ్రములు, బిళ్ళకు తగిలించిన మెఱుగుకడ్డీ. చక్రము పైకి లేచినప్పుడును దిగినప్పుడును ఆ నూనె సన్నని రంధ్రములగుండ దూరిపోవలెను. చిక్కని పెరుగులో కవ్వము త్రిప్పునప్పుడు చేతికి తగులు బరువు వంటిదే యిదియు. ఊపు నూనెలో వేడిగా మారి గొట్టముగుండ గాలిలో కలిసిపోవును. అందుచేతనే చెడిన దారిని చాలదూరము వచ్చిన బండికి షాకబ్జరు వేడెక్కియుండును. కవ్వము వేగముగా త్రిప్పినచో పెరుగు నురుగు కట్టునట్లు, ఎడతెగని కుదుపులలో ఈ నూనెయు గాలితో కలిసి నురుగు కట్టును. నురుగునకు బిగువుండదు, అప్పుడా చేయి పట్టు విడిచినట్లే. దీనిని తగ్గించుటకై నూనెపై నత్రజని వాయువును ఒత్తిడితో నింపి మూసిన షాకబ్జర్లు వచ్చినవి. అంగడిలో "గ్యాసు షాకులు" అనునవి యివియే. పేరు గ్యాసైనను పని చేయునది నూనెయే.

మఱి స్ట్రట్టు అనగా నేమి? షాకబ్జరు విడిగా నుండు పరికరము. దానిని విప్పి తీసినను బండి తన స్ప్రింగులపై నిలిచియుండును. స్ట్రట్టు అట్లు కాదు. షాకబ్జరు, దానిచుట్టు చుట్టస్ప్రింగు, చక్రమును నిలువబెట్టు స్తంభము, మూడును ఒక్కటిగా కూర్చినది. స్టీరింగు త్రిప్పినప్పుడు ముందరి స్ట్రట్టు చక్రముతోపాటు తిరుగును. మ్యాక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు దీనిని రూపొందించెను. ఫోర్డు సంస్థవారు 1950లో ఇంగ్లండు దేశపు తమ కాన్సల్ అను కారునందు దీనిని వాడిరి. నేటి చిన్నకార్లలో చాలవఱకు ముందుప్రక్క నుండునది యిదియే.

మీ యింటి బండి యే జాతిదో ముందుగా తెలిసికొనవలెను. 2000 సంవత్సరమున వెలువడిన బొలేరోకును, 1994లో వచ్చిన టాటా సుమోకును, 2000 మొదలు 2005 వఱకు మన దేశమున అమ్మబడిన టొయోటా క్వాలిసుకును వెనుకప్రక్క కమాను కట్టలుండును. 2005లో వచ్చిన ఇన్నోవాకు వెనుకను చుట్టస్ప్రింగులే. ఈ నాల్గింటిలో దేనికిని స్ట్రట్టులు లేవు, విడి షాకబ్జర్లే. 2011లో వచ్చిన ఎక్స్‌యూవీ 500, 2012లో వచ్చిన డస్టరు, 2013లో వచ్చిన ఎకోస్పోర్టు, 2015లో వచ్చిన క్రెటా, 2016లో వచ్చిన బ్రెజా మొదలగువానికి ముందు స్ట్రట్టులు. ఇది తెలియక అంగడికి పోయి "నాలుగు షాకబ్జర్లిమ్ము" అన్నచో, సగము పనికే వెల చెప్పించుకొని వచ్చినట్లగును. స్ట్రట్టుల బండికి చేయవలసిన పనియు ఎక్కువ, కూలియు ఎక్కువ.

కమాను కట్టలను గూర్చి యొక మాట. పూర్వపు జట్కాబండికి ఉన్నవి యిట్టి కట్టలే. వానికి షాకబ్జర్లు లేకున్నను నడచినవేల? కట్టలోని పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనును. ఆ రాపిడియే ఊపును కొంత యణచును. జట్కా వేగమున కది చాలును, మోటారు వేగమునకు చాలదు. బొలేరో వంటి బండిలో ఈ రాపిడివలన నొక చిక్కు గలదు. వెనుక షాకబ్జర్లు పూర్తిగా చచ్చినను బండి బాగుగనే యున్నట్లు చాలకాలము మభ్యపెట్టును. ఇంటివారు అలవాటుపడి, బండి జాతియే యింత యనుకొందురు. జమ్మలమడుగు సోదరిగారి భర్త మాట యీ యలవాటువలన వచ్చినదే యని నా యూహ.

మన మూడూళ్ళ దారుల సంగతి వేఱుగా చెప్పవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతమున నల్లరేగడి యెక్కువ. వానకు ఆ నేల యుబ్బును, ఎండకు క్రుంగి బీటలువారును. దానిపై వేసిన తారురోడ్డు పైకి చెక్కుచెదరనట్లే యున్నను అలలు కట్టును. గుంతను తప్పించి నడపవచ్చును గాని యలను తప్పించుట యెట్లు? షాకబ్జరు చెడిన బండి యొక యల దిగి యింకను ఊగుచుండగనే రెండవ యల వచ్చి మీదపడును; ఊపునకు ఊపు కలియును. పిల్లలకు వాంతులు వచ్చునది తఱచు నీ తేలిక యూపువలననే, పెద్దగుంతలవలన కాదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు కర్మాగారములకు పోవు లారీలును, నాపరాతి బండలను మోయు లారీలును దారిని చాళ్ళు పడజేయుచుండును. ఎదుట నట్టి లారీ వచ్చునప్పుడు బండి యొకప్రక్కకు తూలుట యెంత యపాయమో చెప్పనక్కరలేదు. పులివెందుల వైపు మాట వేఱు. అచ్చట చీనీతోటలకును అరటితోటలకును పోవు బాటలలో ఱాళ్ళు చిన్నవి, ఎడతెగనివి. పోవునప్పుడు మనుష్యులు, వచ్చునప్పుడు వెనుక అరటిగెలలో చీనీకాయల బస్తాలో. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటిన నాడు అట్టి బాటలో బరువుతో పోవు బండి షాకబ్జరులోని నూనె పడు పాట్లు మీరే యూహింపుడు. ఇక గ్రామ గ్రామమునకు నుండు స్పీడు బ్రేకర్ల సంఖ్య నెవ్వరు లెక్కించిరి! తయారుచేయువారిలో కొందఱు 80,000 కిలోమీటర్లు నడచిన పిమ్మట షాకబ్జర్లను పరీక్షింపవలెనని చెప్పుదురు. మన దారులకు నే నంతవఱకు ఆగుమని చెప్పను. 50,000 దాటినది మొదలు ఏటేట చూపించుట మేలు.

చెడినవో లేదో తెలిసికొనుటకు మెకానిక్కు నోటిమాటపై నాధారపడ నక్కరలేదు. ఇంటిముందు బండి నిలిచియున్నప్పుడు నాలుగు మూలలయందును ఒక్కొక్క మూలను బలముగా మూడుమారులు క్రిందికి నొక్కి, చప్పున విడువవలెను. బండి పైకి లేచి, సర్దుకొని నిలువవలెను. రెండు మూడు మారులు ఊగినచో ఆ మూల షాకబ్జరు చెడినదనుకొనవచ్చును. కాని బొలేరో వంటి బిగువు కట్టల బండి యీ పరీక్షకు లోబడదు. ఇద్దఱు నొక్కినను కదలదు. దానికి వేఱు పరీక్ష గలదు. వెనుక సీటులో మీరు కూర్చుండి, స్పీడు బ్రేకరు దాటించి, దాటిన పిమ్మట బండి వెనుకభాగము ఎన్నిమారు లూగునో లెక్కింపుడు. ఒకమారు ఊగి నిలిచినచో మంచిది. దిగునప్పుడు అడుగున "ధన్" మని యినుము తగిలినట్లు చప్పుడైనచో, స్ప్రింగు తన పరిమితి దాటి అడుగు రబ్బరును తాకుచున్నదని యర్థము. బరువెక్కువై యైనను కావచ్చును, కట్ట సడలియైనను కావచ్చును, ఊపు నాపు షాకబ్జరు లేకయైనను కావచ్చును.

తరువాత వంగి చూడవలెను. గొట్టముపై కొంచెము జిడ్డుగా చెమ్మయై దుమ్ము పట్టియుండుట దోషము కాదు. నూనె ధారగా కారి గొట్టము తడిసియున్నచో దానిలో నూనె మిగులలేదు. మెఱుగుకడ్డీపై గాట్లు, త్రుప్పు ఉన్నను అంతియే. అరచేతిని టైరుపై చుట్టును రాచి చూడుడు. గిన్నె గిన్నెలుగా, ఎత్తుపల్లములుగా చేతికి తగిలినచో చక్రము నేలపై నిలువక గంతులు వేయుచున్నదని తెలియును. ఇట్లరిగిన టైరుల వెల షాకబ్జర్ల వెలకన్న నెక్కువ. షాకబ్జర్లకు సొమ్ము లేదని యాగినవారు చివరకు రెండును కొందురు.

నేలను తాకని టైరునకు బ్రేకు లేనట్లే, స్టీరింగును లేనట్లే. ఈ మాటను మగవారితో చెప్పునప్పుడు సుఖమునుగూర్చి కాక దీనిని గూర్చియే చెప్పుడు. "నడుము నొచ్చుచున్నది" అన్నచో ఓర్చుకొనుమందురు. "బ్రేకు వేసినప్పుడు ముందుభాగము నేలకు వంగుచున్నది, బండి ఆగవలసినచోట ఆగుటలేదు" అన్నచో మఱునాడే షెడ్డునకు తోలుకొనిపోవుదురు. ఇది కపటము కాదు; నిజమైన యపాయమే.

ఇక నూనె పోసి యతుకుట. మన చిన్నపట్టణములలో నీ పని చేయువారున్నారు. గొట్టమునకు రంధ్రము చేసి, పాతనూనె తీసి, క్రొత్తది పోసి, వెల్డింగుతో మూసివేయుదురు. వారిని మోసగాండ్రనుట న్యాయము కాదు. ట్రాక్టరు ట్రాలీలు, పాత జీపులు గలవారికి నాలుగు రూకలు మిగుల్చుటకై పుట్టిన విద్య యది. కాని నేటి షాకబ్జర్లు విప్పుటకు వీలులేకుండ మూయబడినవి. కారుటకు కారణమైన పైసీలు అట్లే యుండగా లోన నూనె నింపుట, అడుగు చిల్లిపడిన బిందెకు పైనుండి నీరు పోయుట వంటిది. ఎంత చిక్కని నూనె పోయవలెనో, ఎంత పోయవలెనో తెలియదు. గ్యాసు పోయినది పోయినట్లే. వెల్డింగు వేడికి రబ్బరు మాడును. కొన్ని వారములు బండి బిగువుగా నుండి, మరల మొదటికి వచ్చును. మఱియు గ్యాసు నిండిన గొట్టమునకు రంధ్రము చేయుట చేయువానికే యపాయము. ఇంటివారు కూర్చుండు బండికి దీనికి నేను సమ్మతింపను.

క్రొత్తవి కొనునప్పుడు అంగడివాడు సాధారణముగా మూడు వరుసలు చూపును. బండి తయారుచేసిన సంస్థ పేరు గల పెట్టెలో వచ్చునవి మొదటివి. షాకబ్జర్లనే వృత్తిగా తయారుచేయు పేరుపడిన సంస్థలవి రెండవవి. మన దేశమున 1961లో స్థాపింపబడిన గాబ్రియేలు, విదేశపు పేర్లయిన మన్రో, జపానువారి కేవైబీ మొదలగునవి యీ కోవలోనివి. బండ్ల సంస్థలు షాకబ్జర్లను సాధారణముగా తాము చేయక యిట్టి సంస్థలయొద్దనే కొనును గనుక, మీ బండికి సరియగు నంబరుది దొరికినచో రెండవ వరుస కొనుటకు సంకోచింపనక్కరలేదు. మూడవవి పేరులేనివి, లేదా పేరు గలవానివలె పెట్టె మాత్రము గలవి. వానిని చూడకుండుటయే మంచిది. పెట్టెపై ధర, తయారైన నెల, సంవత్సరము, భాగపు నంబరు స్పష్టముగా ముద్రింపబడియుండవలెను. జి.యస్.టి. తో కూడిన బిల్లు అడిగినచో వెల పెరుగునని అంగడివాడు నసిగినను అడిగియే తీసికొనుడు. బిల్లు లేనిదే హామీ లేదు.

బొలేరోలోనే యనేక రకములు గలవు. ఏ సంవత్సరపు బండికి ఏ షాకబ్జరో పేరునుబట్టి తెలియదు. ఆర్.సి. పుస్తకము గాని కార్డు గాని చేతబట్టుకొని పోయి, ఛాసిస్ నంబరు చెప్పి భాగమును సరిచూపించుకొనవలెను. ఎకోస్పోర్టు గలవారు మఱికొంత ముందుచూపుతో నుండవలెను. ఫోర్డు సంస్థ మన దేశమున కార్ల తయారీ మానుచున్నట్లు 2021లో ప్రకటించినది గనుక, బండి విప్పకమునుపే భాగము చేతికి వచ్చినదో లేదో చూచుకొనుట మేలు. విప్పిన బండి షెడ్డులో పదిదినములు పడియుండుట యెవరికి హితము?

నూనెదా, గ్యాసుదా యని యడుగుదురు. తోటబాటలలో బరువుతో తిరుగు పులివెందుల బండికి గ్యాసుదే మంచిది. ఎండలో, ఎడతెగని కుదుపులో నురుగు తక్కువ. కేవలము ఊరిలో తిరుగుచు, పండుగకు పబ్బమునకు మాత్రము ప్రొద్దుటూరు పోవు బండికి, సంస్థవారు మొదట నేవి యమర్చిరో అవియే చాలును. ఇంతకు మించిన బిగువు గలవి, మరతో బిగువును మార్చుకొనునవి, బండి నెత్తు చేయునవి అంటూ కుఱ్ఱవాండ్రు బొమ్మలు చూపుదురు. అవి వేఱు పనికి. వెన్నునొప్పి గల పెద్దవారుండు నింటి బండికి వానిని వేయించుట, మెత్తని పరుపు వేయవలసినచోట బల్ల వేయుటయే.

బండి వెనుకభాగము క్రుంగియున్నదనియు, షాకబ్జర్లు మార్చిన లేచుననియు కొందఱు నమ్ముదురు. లేవదు. బరువు మోయునది స్ప్రింగని మొదటనే చెప్పితిని. క్రుంగిన బండికి కమాను కట్ట సడలినదో, పట్టీ విరిగినదో చూడవలెను. కట్టను ఛాసిస్‌నకు తగిలించు చోటులందలి బుష్షులు అరిగినను కటకట చప్పుడు వచ్చును. చాలమంది ఆ చప్పుడునే షాకబ్జరు దోషముగా నెంచి సొమ్ము వ్యర్థము చేయుదురు. క్రొత్తవి వేసినను చప్పుడు పోకుండుటకు మూలమిదియే.

అమర్చునప్పుడు గమనింపవలసినవి కొన్ని గలవు. ఒక ఇరుసునకు రెండును ఒకేసారి మార్చవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదియైనచో బండి మలుపులో ఒకప్రక్కకు లాగును. సొమ్ము చాలనిచో ఈ నెల ముందు జత, రెండు నెలల పిమ్మట వెనుక జత వేయింపవచ్చును గాని, కుడివైపు మాత్రము మార్చుట కూడదు. రబ్బరు బుష్షులు, అడుగు రబ్బరు, దుమ్ముతొడుగు పాతవి వాడనీయకుడు. వెల స్వల్పము, అవి లేనిచో క్రొత్త షాకబ్జరు ఆయువు తగ్గును. మెఱుగుకడ్డీని పటకారుతో పట్టి త్రిప్పినచో దానిపై పడిన గాటు పైసీలును కోసివేయును. కారుట ఆ నాడే మొదలు. బుష్షుల బోల్టులను బండి జాకీపై వ్రేలాడుచుండగా గట్టిగా బిగింపరాదు. చక్రములు నేలపై నిలిచి, బండి బరువు వానిపై పడిన తరువాతనే కడపటి బిగింపు బిగింపవలెను. లేనియెడల రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. ఈ యొక్క మాట మీరు పలికినచో మెకానిక్కు మిమ్ము చూచు చూపు మారును.

స్ట్రట్టుల బండికి మఱి రెండు నియమములు. చుట్టస్ప్రింగును నొక్కిపట్టు పరికరము లేని షెడ్డులో స్ట్రట్టు విప్పింపరాదు. నొక్కబడిన స్ప్రింగు జాఱినచో ప్రాణము తీయగలదు. త్రాళ్ళతో కట్టి విప్పెదనను వానికి నమస్కరించి వెడలి రావలెను. మార్చిన వెంటనే చక్రముల వరుస సరిచూపింపవలెను. దానినే వీల్ అలైన్‌మెంటందురు. స్ట్రట్టు పైన నుండు రబ్బరు దిమ్మెను, దానిలోని బేరింగును అప్పుడే మార్పించుడు. మరల నా పనికై విప్పవలసివచ్చినచో కూలి రెండుమారు లగును.

జమ్మలమడుగు సోదరికి నా జవాబు. అమ్మా, ముందుగా సొమ్ము ఖర్చులేని పనులు రెండు చేయుడు. టైరులలో గాలి యెంతయున్నదో కొలిపింపుడు. ఎంత యుండవలెనో బండికి అంటించిన కాగితముపైనను సంస్థవారిచ్చిన పుస్తకములోను వ్రాసియుండును. బరువునకని గాలి బిగువుగా కొట్టించుట మనవారి యలవాటు. అట్టి టైరు ఱాయి ఱాయినీ వెన్నునకు చెప్పును. అత్తగారిని కడపటి సీటులో గాని, ఇరుసుపై వచ్చు చోటున గాని కూర్చుండబెట్టక, నడిమి సీటులోనో, వైద్యుడు సమ్మతించినచో ముందుసీటు వెన్నును కొంచెము వాల్చియో కూర్చుండబెట్టి, నడుము వెనుక మడిచిన దుప్పటి నుంచుడు. బెల్టు మాత్రము పెట్టవలెను. ఇంత దూరము కుదుపులో పోవచ్చునా యని వైద్యునే యడుగుడు. పోయినతడవ తీసిన ఎక్సురే చూచి చెప్పగలవారు వారే, మనము కాదు.

తరువాత నాలుగు షాకబ్జర్లను మార్పింపుడు. నూనె పోయించుటకు ఒప్పుకొనకుడు. ఐతే యాశ యెంత పెట్టుకొనవలెనో ముందే చెప్పుట ధర్మము. బొలేరో కమాను కట్టల బండి. క్రొత్త షాకబ్జర్లతో నది పల్లకి కాదు. చిన్నఱాళ్ళ గరగర చాలవఱకట్లే యుండును. మొదటి కొన్నిదినములు బండి మునుపటికన్న బిగువుగా నున్నట్లును తోచవచ్చును. తగ్గునవి యేవనగా, గుంత దాటినపిమ్మటి ఊపు, అలలపై తేలుట, మీదుమిక్కిలి అడుగు రబ్బరునకు తగిలి వెన్నునకు వచ్చు దెబ్బ. నలిగిన పూసకు అన్నింటికన్న చెడ్డది యా కడపటి దెబ్బయే. దానిని తప్పింపగలిగినను చీటీ సొమ్మునకు ఫలితము దక్కినట్లే. అదే సమయమున కట్టల బుష్షులను చూపింపుడు.

బండి నమ్ముటను గూర్చి మీ మరిదిగారి మాటను త్రోసివేయను. ఛాసిస్ త్రుప్పుపట్టి గుల్లయైనను, ఇంజను నూనె త్రాగుచున్నను ఈ ఖర్చు దండుగయే. అవి బాగుగ నున్నచో మాత్రము నాలుగు షాకబ్జర్ల వెల క్రొత్తబండి వెలలో నెన్నవ భాగమో లెక్క వేసి చూపుడు. వాదము అక్కడనే ముగియవచ్చును. సొంతబండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు చెల్లును. పిమ్మట పరీక్షకు నిలిచినచో అయిదేండ్లకొకమారు పొడిగింపు దొరకును. మీ బండికి మొదటి గడువే యింక నాలుగేండ్లున్నది. ఆ నాలుగేండ్లు అత్తగారిని నెలనెల తిప్పవలసినవే గదా.

పని ముగిసిన దినమున బండి తెచ్చుకొనుటకు వీలైనచో మీరును పోవుడు. పాత షాకబ్జర్లను చూపుమని యడుగుడు. మార్చిరో లేదో తెలియుట కింతకన్న మంచి గుఱుతు లేదు. కడ్డీని చేతితో లోనికి నెట్టి, మరల పైకి లాగి చూడుడు. ఏ యడ్డును లేక యిట్టటు జాఱినచో అత్తగారు ఇన్నినెలలు దేనిపై ప్రయాణము చేసిరో తెలియును. చూచిన పిమ్మట వానిని ఇంటికి తేవలదు. పిల్లలు ఆటకై సుత్తితో కొట్టుదురు, లోన గ్యాసు మిగిలియుండవచ్చును. షెడ్డులోనే విడిచి రండు. రెండువారములు నడచినపిమ్మట బోల్టులను మరల బిగించి చూడుమని చెప్పి, ఆ తేదీని బిల్లు వెనుక వ్రాసియుంచుకొనుడు.